తిరుచానూరు లాడ్జి మేడ మీద జర్మన్ పాఠాలు

ముప్ఫై ఏళ్లకు పైగా తిరుపతిలో జర్మన్ భాష చెప్పాను. ఈ ఊళ్లో ఆ మాట ఒక పట్టాన ఎవరూ నమ్మరు. "ఏం చేస్తుంటారు సామీ?" అని ఎవరైనా అడిగితే "జర్మన్ చెప్తానండీ" అనేవాణ్ణి. "అట్లనా! పూజకు ఒక జర్మన్ సిల్వర్ పళ్లెం కావాల. యాడ దొరుకుతాది?" అని అడిగినవాళ్లు తక్కువలో తక్కువ పదిమంది ఉంటారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత నేనే కొట్టు పేరు చెప్పి పంపించేవాణ్ణి.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. మన నర్సులకు జర్మనీలో ఉద్యోగాలు దొరుకుతున్నాయి కాబట్టి మా భాషకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. ఏ సంవత్సరం ఏ కాలేజీలో చేరాను, నాకు రావలసిన ప్రమోషను ఎవరు తన్నుకుపోయారు అనే పురాణం నేను విప్పను. విప్పితే మా ఆవిడే ముందు లేచి వెళ్లిపోతుంది. నిజం చెప్పాలంటే ఈ పనిలో నాకు బుద్ధి వచ్చింది చివరి రెండేళ్లలో, ఇరవై నాలుగేళ్ల హేమ అనే అమ్మాయి వల్ల. ఆమె కథా నా తప్పులూ కలిపి చెబుతాను. ఏరుకోవలసింది మీరే ఏరుకోండి.

సంత పద్ధతి

మాది గుళ్లో పాశురాలు చదివే వైష్ణవ కుటుంబం. మా నాయన నాకు వాటిని సంత పద్ధతిలో నేర్పించాడు. అంటే గురువు ఒక పాదం ఒకసారి అంటాడు, శిష్యుడు దాన్ని రెండుసార్లు అనాలి. అర్థం అడగకూడదు. స్వరం తప్పితే తొడపాశం. అలా నేర్చినవి అరవై దాటినా ఒక్క అక్షరం మరిచిపోలేదు. ఆ రోజుల్లో మా నాయన దగ్గర సంస్కృతం చదువుకోవడానికి ఒక జర్మన్ పండితుడు ఏటా వచ్చి రెండు నెలలుండేవాడు. బదులుగా ఆయన నాకు తన భాష నేర్పించాడు. నా బతుకుతెరువు అలా మొదలైంది.

మరి నాకు తెలిసిన బోధన ఒక్కటే కదా. కాలేజీలోనూ జర్మన్‌కు సంతే చెప్పాను. నేనొకసారి, పిల్లలు రెండుసార్లు. రాతపరీక్షల్లో మార్కులు బ్రహ్మాండంగా వచ్చేవి. నన్ను పట్టేవాడు లేడు. కాలేజీ నుంచి రిటైరయ్యాక కూడా ఊరుకోలేక తిరుచానూరులో ఒక నర్సుల సెంటర్లో చేరాను. దాని యజమాని మునిరత్నానికి అక్కడ ఒక లాడ్జి ఉంది. కింద రెండు అంతస్తుల్లో యాత్రికులు, పై అంతస్తులో మా జర్మన్. ఆయనకు భాష ఒక్క ముక్క రాదు గానీ మా సంత అంటే ప్రాణం. "అయ్యోరా, మీ పిల్లోళ్లు పొద్దున్నే అందరూ ఒగటే గొంతుతో సదవతా ఉంటే, రూములోళ్లు ఏదో వేదపాఠశాల అనుకొని దండం పెట్టుకోని పోతా ఉండారు" అనేవాడు. నేను మురిసిపోయేవాణ్ణి.

మురిపెం ఎంతోకాలం ఉండలేదు. నర్సులకు రాతపరీక్షతో పాటు మాట్లాడే పరీక్ష కూడా ఉంటుంది. అందులో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, కలిసి ఒక పని నిర్ణయించుకోమంటారు. స్నేహితురాలికి విందు ఎక్కడ ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, అలాంటివి. ఒకరు ఒకటంటే రెండోవాళ్లు కాదనాలి, ఎందుకు కాదో చెప్పాలి, చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. మొదటి జట్టును చెన్నైకి నేనే తీసుకెళ్లాను. గది బయట నిలబెట్టి, అలవాటు కొద్దీ, "లోపల వినయంగా ఉండండి, పెద్దవాళ్లకి ఎదురు చెప్పకండి" అని దీవించి పంపాను. చూడండి నా తెలివి!

వడమాలపేట అమ్మాయి గ్రేస్‌కు జోడీగా సుజాత అనే సీనియర్ నర్సు పడింది. సుజాత గ్రేస్ కంటే పన్నెండేళ్లు పెద్ద. "విందు ఆదివారం పెడదామా?" అని సుజాత అడిగింది. "బాగుంది" అంది గ్రేస్. "పోనీ శనివారం?" "అదీ బాగుంది." "నువ్వే చెప్పు." "మీరే చెప్పండి." ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ కూర్చున్నారట. పరీక్ష పెట్టే ఆమె కాసేపు ఓపిక పట్టి, తర్వాత గడియారం చూసుకుందట. ఇద్దరూ ఫెయిల్. ఆ జట్టులో ఒకరిద్దరు తప్ప అందరిదీ అదే గతి.

తిరుగు బస్సులో పుత్తూరు దాటేదాకా తిడుతూనే వచ్చాను. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నారా? ఇన్ని నెలలు గొంతు చించుకుంది ఇందుకా?" అని. వడమాలపేటలో దిగుతూ గ్రేస్, "సారీ సార్, అక్క మాట కాదంటే బాగుండదని…" అని కళ్లు తుడుచుకుంది. నేను కిటికీలోంచి చూడనట్టు నటించాను. తప్పు నాదని అప్పటికే సగం తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. మాస్టార్లకు ఈ జబ్బు ఉంటుంది, ముందే జాగ్రత్త పడండి.

హేమ వచ్చింది

నాకు సాయంగా మరో టీచరు కావాలని పట్టుబడితే మునిరత్నం హేమను పెట్టాడు. ఆమెది సత్యవేడు దగ్గర పల్లె, రైతుబిడ్డ. ఉక్రెయిన్‌లో డాక్టరు చదువుతూ నాలుగేళ్లు పూర్తి చేసింది. యుద్ధం మొదలవగానే భుజాన ఒక సంచితో సరిహద్దు దాటి ఇంటికి వచ్చేసింది. జర్మన్ అక్కడ ఉన్నప్పుడే సరదాగా మొదలుపెట్టి, వచ్చాక పట్టుదలగా నేర్చుకుని పరీక్షలన్నీ పాసైంది. పొద్దున మా దగ్గర పాఠాలు చెప్పేది. మధ్యాహ్నం అదే గదిలో ఫోను పెట్టుకుని తన కాలేజీ పాఠాలు వినేది. మిగిలిన రెండేళ్లు ఆన్‌లైన్లో సాగుతున్నాయి, చివరి పరీక్షకు మాత్రం స్వయంగా వెళ్లాలి. అది పాసై సత్యవేడులో కాన్పుల డాక్టరుగా బోర్డు పెట్టుకోవాలని ఆమె ఆశ. ఆ బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా నిర్ణయించి పెట్టుకుంది. నీలం.

ఆమె ఫోనులో ఒక సైరన్ ఉండేది. ఆమె చదివిన ఊళ్లో విమాన దాడి హెచ్చరిక మోగితే, ఇక్కడ ఆమె ఫోను కూడా బేర్‌మనేది. మొదటిసారి మోగినప్పుడు నేను సుద్దముక్క కింద పడేశాను.

"తీసెయ్యరాదమ్మా దాన్ని? ఇక్కడ మనకెందుకు?" అన్నాను.

"కావాల సార్. ఇది మోగిందంటే మా ప్రొఫెసర్ బేస్‌మెంట్‌లోకి దిగిపోతారు. మధ్యానం నా క్లాసు ఉండదు. నాకు తీరిక కదా, గ్రేసుకు ఇంకొంచెం సేపు చెప్పొచ్చు" అంది మామూలుగా. క్లాసు రద్దయినందుకు పిల్లలు సంబరపడతారు, మనకు తెలుసు. హేమ మాత్రం ఆ తర్వాత గంటసేపు ఫోను వైపు చూస్తూనే ఉండేది. ప్రొఫెసర్ 'పైకి వచ్చాను' అని రాసేదాకా టీ కూడా తాగేది కాదు.

లాడ్జిలో గొడవ

ఒక సోమవారం నేను మెట్లెక్కుతుంటే మునిరత్నం ఎదురొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"అయ్యోరా, పైన మీ ఆడపిల్లోళ్లు కొట్టుకుంటా ఉండారు! కింద రూములోళ్లు పిల్లాపాపలతో బయటికొచ్చి నిలబడినారు. దర్శనానికి వచ్చినోళ్లు ఏమనుకుంటారబ్బా?"

పరుగెత్తాను. లోపల గ్రేస్, సుజాత బల్లకు ఆపక్కా ఈపక్కా నిలబడి జర్మన్‌లో అరుచుకుంటున్నారు. కిటికీ తెరవాలా, మూసి ఫ్యాన్ వేయాలా అన్నది తగాదా. మిగతా పిల్లలు రెండు పక్షాలుగా చీలి ఎగదోస్తున్నారు. హేమ మధ్యలో కుర్చీ వేసుకుని పంచాయతీ పెద్దలా కూర్చుంది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. రెండు కారణాలు చెప్పకుండా ఎవరూ ఎదుటివాళ్ల మాటకు ఒప్పుకోకూడదు. "అక్క కదా అని తగ్గినావంటే బయట నిలబెడతా" అని గ్రేస్‌ను బెదిరించింది. ఆ రోజు గ్రేస్ పన్నెండేళ్ల సీనియర్‌ను కిటికీ విషయంలో ఓడించి, గెలిచాక భయపడి కాళ్లకు దండం పెట్టింది.

క్లాసయ్యాక అడిగాను, "ఇదేం చదువమ్మా? వీధి కుళాయి దగ్గర తగాదాలా ఉందే!"

"అక్కడైతే మనోళ్లు బాగా మాట్లాడతారు కదా సార్" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "బార్డర్ కాడ పెద్ద వరస ఉండింది సార్. మంచు. నాతో నలుగురు మన ఆడపిల్లోళ్లు. పగలంతా మర్యాదగా నిలబడినాము. ఎవరొచ్చి ముందర దూరినా, పాపం పిల్లతల్లి, పాపం ముసలాయన అని జరిగినాము. సాయంత్రానికి చూస్తే పొద్దున కంటే వెనకాల ఉండాము. ఇంకొకాయన వచ్చి దూరబోతే, 'లేదు, తర్వాత మేమే' అని గట్టిగా అరిచినా. నా గొంతు నాకే కొత్తగా ఉండింది. ఆయన తప్పుకున్నాడు. అంతే సార్. అట్లా అనొచ్చని నాకెవరూ ముందర నేర్పలేదు."

నేను ముప్ఫై ఏళ్ల సంతను ఒక్క రోజులో వదులుకోలేదు గానీ, మరుసటి రోజు నుంచి మొదటి పదిహేను నిమిషాలు నావి, మిగతా గంటంతా ఆమెది అని ఒప్పందం చేసుకున్నాం. సంత తప్పని ఇప్పటికీ అనను. నోరు తిరగాలంటే అది కావాలి. కానీ వల్లెవేసే పిల్లను చూసి చదువు వచ్చేసిందని గంతులెయ్యకండి. ఆ ఏడు గ్రేస్, సుజాత ఇద్దరూ పాసయ్యారు. గ్రేస్ ఇప్పుడు జర్మనీలో ఒక ఆసుపత్రిలో ఉంది. సెలవుల పట్టిక విషయంలో హెడ్‌నర్సుతో వాదించి గెలిచానని ఫోను చేసి చెప్పింది. మునిరత్నం మాత్రం యాత్రికుల కోసం మెట్ల దగ్గర 'పైన తరగతులు జరుగుచున్నవి, భయపడవద్దు' అని బోర్డు పెట్టించాడు.

నేను ఫెయిలైన పరీక్ష

ఇక్కడికి వచ్చేసరికి నా కలం నెమ్మదిస్తోంది. రాయక తప్పదు.

హేమకు చివరి పరీక్ష పిలుపు వచ్చింది. యుద్ధం ఆగలేదు. ఇంట్లో వాళ్ల నాయన చెంగల్రాయులు ససేమిరా అన్నాడు. ఒక రోజు హేమ నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, మీరొకసారి మా ఊరికి వచ్చి నాయనకు చెప్పండి. అయ్యోరి మాటంటే ఆయనకు గురి. మీరు చెప్తే పంపిస్తాడు" అని అడిగింది. "అలాగేనమ్మా, నీకెందుకు, నేను చూసుకుంటాను" అన్నాను. ఎంత సులువుగా అన్నానో!

సత్యవేడు బస్సు దిగి, వాళ్ల పల్లెకు ఆటోలో వెళ్లాను. చెంగల్రాయులు వరండాలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. మజ్జిగ ఇచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను మెట్టు మీద కూర్చున్నాడు.

"యుద్ధం మొదలైనప్పుడు మూడు దినాలు బిడ్డ ఫోను కలవలే అయ్యోరా" అన్నాడు నేనేమీ అడగకముందే. "బోరు మోటరు ఆపేసినా. ఆ సద్దులో ఫోను మోగితే ఇనపడదేమోనని. నారుమడి ఎండిపాయ. ఎండితే ఎండనీ అనుకున్నా. మళ్లా అట్లా కూసోలేను సామీ. సెప్పండి, పంపీమంటారా?"

నేను వచ్చింది పంపమని చెప్పడానికి. నా నోటి వెంట వచ్చింది ఇది: "వద్దు చెంగల్రాయులూ. పంపొద్దు. నేను తప్పుకున్నాక సెంటర్లో పెద్ద టీచరుగా ఆమెనే పెట్టిస్తాను. కళ్ల ముందే ఉంటుంది."

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన అరచేతుల్లో శెనక్కాయ పొట్టు నా చేతులకు అంటుకుంది. బస్సులో వస్తూ, ఒక ప్రాణాన్ని కాపాడానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, అంత మంచి టీచరును వదులుకోలేకపోవడం. ఆమె వెళ్లిపోతే నా దగ్గర ఏం మిగులుతుంది? పాత సంత, మూగ పిల్లలు.

మర్నాడు హేమ పాఠం మొత్తం పూర్తి చేసి, పిల్లలను పంపించి, నా ముందు నిలబడింది.

"మీరు పోయింది దేనికి సార్? చెప్పి వచ్చింది ఏంది?"

"నీ మంచికే…" అని ఏదో మొదలుపెట్టాను.

"నేను పోవడం మీకు ఇష్టం లేదని నాకే చెప్పొచ్చు కదా సార్. నా ముందర అలాగే అన్నారు. నా వెనకాల వద్దన్నారు." ఆమె చేతిలోని సుద్దముక్క నా బల్ల మీద పెట్టింది. "గ్రేసును ఫెయిల్ చేసింది మన ఈ 'అలాగే'నే కదా."

ఇంత వయసొచ్చి ఒక పిల్ల ముందు తలెత్తలేకపోయాను. సిగ్గేసింది. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ కూర తరుగుతూ, "ఆ పిల్ల మర్యాదస్తురాలు కాబట్టి అంతటితో ఊరుకుంది" అంది. అన్నం కూడా సరిగా తినబుద్ధి కాలేదు.

ముగ్గురం, మూడు కుర్చీలు

ఆ ఆదివారం హేమ వాళ్ల నాయనను తిరుచానూరుకు పిలిపించింది. అమ్మవారి దర్శనం చేసుకుని ఆయన నేరుగా మేడ మీదికి వచ్చాడు. క్లాసు గదిలో మూడు కుర్చీలు. మునిరత్నం కాఫీలు పంపి, గొడవ అవుతుందేమోనని తలుపు బయటే నిలబడ్డాడు.

"రెండు కారణాలు చెప్పకుండా ఎవరూ ఒప్పుకోగూడదు, ఎవరూ లేచిపోగూడదు" అంది హేమ.

"నాకు జర్మన్ రాదు గదమ్మా" అన్నాడు చెంగల్రాయులు బిత్తరపోయి.

"తెలుగులోనే నాయనా."

ఆయన మొదలుపెట్టాడు. "బాంబులు పడతా ఉండాయి. అదొగటి." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మీయమ్మ పోయినాక నాకు నువ్వొగదానివే. ఇది రెండోది."

నా వంతు వచ్చింది. "అక్కడ యుద్ధం…" అన్నాను.

"అది నాయన కారణం సార్. మీది చెప్పండి."

చెప్పాను. "నాకు వయసైపోయిందమ్మా. నువ్వు లేకపోతే ఈ పిల్లలకు మాట నేర్పించడం నాకు చాతకాదు. అదొకటి. రెండోది… నువ్వంటే నాకు అభిమానం. నువ్వు వెళ్లి మళ్లీ రావేమోనని భయం." ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక తోటి టీచరుతో ఇంత సూటిగా ఏదీ చెప్పలేదు. చెప్పాక గుండె తేలికైంది కూడా.

అప్పుడు హేమ చెప్పింది. "నేనిప్పుడు సగం డాక్టరును. సగం డాక్టరుతో ఎవరికీ పని ఉండదు. రెండోది నేను మీకు ఎప్పుడూ చెప్పలేదు నాయనా. ఆడ బేస్‌మెంట్‌లో దాక్కున్నప్పుడు ఒకామెకు నొప్పులు వచ్చినాయి. మెడికల్ పిల్ల ఉండాది అని నన్ను పిలిచినారు. నాకు పుస్తకంలో ఉండేదంతా తెలుసు. చేయి ఆడలేదు. ఒక ముసలి నర్సు వచ్చి కాన్పు చేసింది. నేను టార్చి పట్టుకోని నిలబడినా. బిడ్డ బాగుంది, తల్లి బాగుంది. ఆ తల్లి నాకు కూడా దండం పెట్టింది నాయనా. ఏం చేసినానని పెట్టింది? ఇంకోసారి నేను టార్చి పట్టుకోని నిలబడలేను."

చెంగల్రాయులు పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. చివరికి ఆయనే లేచాడు.

"పోయి రా. పరీచ్చ అయినాక ఒగ దినం గూడా ఎక్కువ ఉండగూడదు. వచ్చెయ్యాల."

"వచ్చేస్తా నాయనా" అంది హేమ. తలుపు బయట మునిరత్నం గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆమె వెళ్లాక

ఆమె క్లాసులు, పాసైనా జర్మనీ వెళ్లకుండా ఇక్కడే ఆగిపోయిన సుజాతకు అప్పగించి నేను పూర్తిగా తప్పుకున్నాను. సుజాత నాకంటే నయం, పిల్లలు ఆమెను చెడామడా కాదంటారు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీ క్లాసు మరీ నిశ్శబ్దంగా ఉంటే అనుమానించండి. మీ ఇష్టాన్ని పిల్లల మంచి అని పేరు పెట్టి అమ్మకండి. పిల్లలు మిమ్మల్ని దాటి వెళ్లాలని నోటితో అనడం తేలిక, దారికి అడ్డం నిలబడకుండా ఉండటమే కష్టం. నేను నిలబడ్డాను.

పోయిన నెల చెంగల్రాయులు ఫోను చేశాడు. వెనకాల బోరు మోటరు చప్పుడు లేదు.

"అయ్యోరా, బిడ్డ పాసయింది."

నేను కేక పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎప్పుడొస్తోంది? మేం కూడా స్టేషన్‌కు వస్తాం" అన్నాను.

"ఇప్పుడే రాదంట సామీ. పట్టా చేతికొచ్చేదానికి రెండు నెల్లు పడతాదంట. అందాకా ఆ ఆస్పత్రిలోనే పని సేస్తాదంట, ఆడ మనుసులు సాలడం లేదంట."

"ఒక్క రోజు కూడా ఎక్కువ ఉండనని మాట ఇచ్చింది కదయ్యా! నువ్వేమన్నావు?"

"వద్దు, వచ్చెయ్ అందామనే ఫోను ఎత్తినా. ఎనకాల ఎవురో ఆడమనిషి నొప్పులతో అరస్తా ఉండింది. నాయనా, ఫోను పెట్టేస్తా అనింది. పోమ్మా, ముందు ఆమెను సూడు అన్నా."